రైళ్లు వదిలేసిన కొండదారుల్లో నాలుగు రోజులు: పీక్ డిస్ట్రిక్ట్ సైకిల్ ట్రయిల్స్ ఎలా ఉన్నాయంటే

పదకొండేళ్ల కిందట ఒక లారీ అద్దం నా సైకిల్ హ్యాండిల్‌ని రాసుకుంటూ వెళ్లిపోయింది. నేను పడలేదు, దెబ్బా తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి వెనక పెద్ద బండి చప్పుడు వినబడితే చాలు, భుజాలు బిగుసుకుపోయేవి, వేళ్లు వాటంతట అవే బ్రేకుల మీదికి పోయేవి. వెనక రెండు సంచులు కట్టుకుని రోజుల తరబడి సైకిల్ మీద తిరగడమంటే నాకు ప్రాణం. అలాంటిది సైకిల్‌ని గోడకి ఆనించి దాని మీద దుప్పటి కప్పేశాను. మళ్లీ ఆ దుప్పటి తీయించింది మా తమ్ముడు. "అక్కా, కార్లూ లారీలూ అసలు రాని దారులున్నాయి. అదీ కొండల్లో. వచ్చి చూడు. నీకు టెన్షన్‌గా ఉంటే రెండో రోజే వెనక్కి వచ్చేద్దాం" అన్నాడు.

అలా మే నెలాఖరులో ఇంగ్లండ్ నడిమధ్యన ఉండే పీక్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లాం. నాలుగు రోజులు, నాలుగు దారులు: టిసింగ్టన్ ట్రయిల్, హై పీక్ ట్రయిల్, మానిఫోల్డ్ దారి, మాన్సల్ ట్రయిల్. నాకు 54 ఏళ్లు, ఎడమ మోకాలు అప్పుడప్పుడూ మొరాయిస్తుంది. సైకిల్ ఇనుప ఫ్రేముది, 38 మిల్లీమీటర్ల టైర్లు, వెనక సంచులు కలిపి 12 కిలోలు. తమ్ముడిది తేలిక సైకిల్, 28 మిల్లీమీటర్ల సన్న టైర్లు. ఈ టైర్ల సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే రెండో రోజుకి దాని విలువ మాకు బాగా తెలిసొచ్చింది.

ఈ నాలుగూ ఒకప్పటి రైలు మార్గాలే. బ్రిటన్‌లో 1963లో అక్కడి రైల్వే బోర్డు అధిపతి రిచర్డ్ బీచింగ్ ఇచ్చిన నివేదిక తర్వాత వేల మైళ్ల లైన్లు మూతపడ్డాయి, అంతకు ముందే మూతపడినవీ ఉన్నాయి. పట్టాలు పీకేశాక మిగిలిన నేలను కొన్నిచోట్ల నడిచేవాళ్లకీ సైకిళ్లకీ గుర్రాలకీ ఇచ్చేశారు. సామానుతో సైకిల్ తొక్కేవాళ్లకి ఇంతకంటే మంచి దారి ఇంకోటి ఉండదని నా గట్టి నమ్మకం. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం జారుతుంది, కాబట్టి రైలు నిటారుగా ఎక్కలేదు. అందుకని రైలు మార్గం వేసినవాళ్లు కొండ ఎదురైతే దాన్ని కోశారు, లోయ ఎదురైతే కట్ట పోశారు, రెండూ కుదరకపోతే సొరంగమో వంతెనో కట్టారు. మామూలు రోడ్డు కొండని చూసి నేరుగా దాని మీదికి ఎక్కుతుంది, అటువైపు నేరుగా దిగుతుంది. రైలు దారి అదే ఎత్తుని ఇరవై కిలోమీటర్ల పొడుగునా పరిచి, మోకాలికి తెలియకుండా ఎక్కిస్తుంది.

మొదటి రోజు ఆష్‌బోర్న్ దగ్గర మొదలుపెట్టాం. టిసింగ్టన్ ట్రయిల్ అక్కణ్ణుంచి పార్స్లీ హే దాకా 21 కిలోమీటర్లు. 1899లో మొదలైన లైను ఇది. 1967లో మూసేశారు, 1971లో ట్రయిల్‌గా తెరిచారు. ఇలా రైలు మార్గాన్ని బాటగా మార్చడంలో బ్రిటన్‌లో ముందు వరసలో నిలిచిన దారుల్లో ఇదొకటి. ఊళ్లోంచి వచ్చేటప్పుడు ఒక సొరంగం దాటగానే ట్రయిల్ మొదలవుతుంది. మొదటి పది నిమిషాలు చాలా హాయిగా సాగింది. ఆ తర్వాత ఎవరూ చెప్పని ఒక గొయ్యి వచ్చింది. గొయ్యి అంటే గతుకు కాదు. ఒకప్పుడు వాగు మీద రైలు వంతెన ఉండేది, దాన్ని తీసేశారు. ఇప్పుడు దారి నిటారుగా వాగులోకి దిగి, అంతే నిటారుగా అవతల ఎక్కుతుంది. "రైలు దారి కదా, చదునుగా ఉంటుంది" అనే ధీమాతో పెద్ద గేరులో పోతూ ఉంటే అక్కడ దొరికిపోతాం. దిగేటప్పుడే చిన్న గేరులోకి మార్చుకోండి. నేను మార్చుకోలేదు, పైకి సగం దూరం సైకిల్ తోసుకుంటూ నడిచాను.

అది దాటాక మాత్రం ఈ దారికి వంక పెట్టడానికి ఏమీ లేదు. పార్స్లీ హే చేరేసరికి మొత్తం మీద సుమారు 200 మీటర్ల ఎత్తు ఎక్కుతాం. అయినా ఎక్కుతున్నట్టు కళ్లకి కనబడదు. ముందున్న దారి చదునుగానే కనిపిస్తుంది, కాళ్లకి మాత్రం కాస్త బరువు తెలుస్తుంది. తమ్ముడు రెండుసార్లు ఆగి వెనక బ్రేకు చక్రానికి రాసుకుంటోందేమోనని చూసుకున్నాడు. బ్రేకు బాగానే ఉంది. అది కొండ. ఈ సంగతి తెలియక చాలామంది తమ ఒంట్లో సత్తువ తగ్గిందని బెంగపడతారు. ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి. వచ్చిన దారి కిందికి వాలుతూ కనిపిస్తుంది.

దారి మధ్యలో కోల్డీటన్ అనే చోట కొండని లోతుగా కోసి లైను తీసుకుపోయారు. రెండు వైపులా సున్నపురాయి గోడలు, ఆ రాళ్ల సందుల్లో పసుపు, తెలుపు, ఊదా రంగుల చిన్న పూలు. అంతకు ముందు దాకా చెవుల్లో హోరుమన్న గాలి ఆ గోడల మధ్యకి రాగానే ఒక్కసారిగా ఆగిపోయింది. టైరు కింద కంకర నలిగే చప్పుడు, పైన ఎక్కడో పిట్ట, అంతే. నేను సైకిల్ దిగి గోడకి చెయ్యి ఆనించాను. చల్లగా, గరుకుగా ఉంది. రాతిలో వేలి గోరంత గుండ్రటి ముద్రలు కొన్ని కనిపించాయి. ఈ సున్నపురాయి ఒకప్పటి సముద్రం అడుగు. అప్పటి జీవాల గుల్లలు రాయిగా మారినవే ఆ ముద్రలు. కారులో ఎన్నిసార్లు తిరిగినా కంటపడని సంగతి ఇది. నడకంత నెమ్మదిగా పోయే బండి మీద ఉండబట్టి దొరికింది.

ఇక్కడే ఒక ఇబ్బంది గురించి చెప్పాలి. హార్టింగ్టన్ అని పాత స్టేషన్ ఒకటి వస్తుంది. సిగ్నల్ క్యాబిన్‌ని ఇంకా అలాగే నిలబెట్టారు, చూడముచ్చటగా ఉంటుంది. మా బస హార్టింగ్టన్ ఊళ్లో. స్టేషన్ పేరు హార్టింగ్టన్ కదా, పక్కనే ఊరుంటుంది అనుకున్నాను. ఊరు అక్కడ లేదు. చాలా దూరాన, కింద లోయలో ఉంది. రైలు దారి తన ఎత్తు పోగొట్టుకోదు, ఊళ్లేమో నీళ్లున్న చోట పల్లంలో ఉంటాయి. రైలు ఊరి కోసం కిందికి దిగలేదు కాబట్టి జనమే ఎక్కి వచ్చేవాళ్లు. ఇప్పుడు మనం దిగాలి, పొద్దున్నే మళ్లీ ఎక్కాలి. అదీ కార్లు తిరిగే రోడ్డు మీద. కాబట్టి బస కోసం వెతికేటప్పుడు ట్రయిల్‌కి ఎంత దూరం అని మాత్రమే చూస్తే చాలదు, ఎంత పల్లంలో ఉందో కూడా చూసుకోండి. ఈ కొండల్లో మ్యాపు మీద ఒక అంగుళం అంటే పొద్దున్నే చెమటలు కక్కుతూ ముప్పావుగంట నడక.

రెండో రోజు హై పీక్ ట్రయిల్. నాలుగింట్లో నా మనసు దోచింది ఇదే, అందుకని దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

డౌలో అనే చోటు నుంచి క్రామ్‌ఫర్డ్ దగ్గరి హై పీక్ జంక్షన్ దాకా 17 మైళ్లు, అంటే రమారమి 27 కిలోమీటర్లు. పార్స్లీ హే దగ్గర టిసింగ్టన్ ట్రయిల్ వచ్చి దీంట్లో కలుస్తుంది. క్రామ్‌ఫర్డ్ అండ్ హై పీక్ రైల్వే అనే ఈ లైను 1831 కల్లా పూర్తయింది. రెండు కాలువలని కొండల మీదుగా కలపడానికి వేశారు. దీన్ని రూపొందించిన జోసయ్య జెసప్ కాలువలు కట్టే కుటుంబంలోంచి వచ్చినవాడు. అందుకే రైలు మార్గాన్ని కూడా కాలువలాగే ఆలోచించాడు. కాలువ చదునుగా పోయి, ఎత్తు మారే చోట లాకు కడతారు కదా, ఇదీ అంతే. మైళ్ల కొద్దీ చదును, ఎత్తు మారే చోట ఒక్కసారిగా నిటారు వాలు. ఆ వాలు మీద పైన స్టీమ్ ఇంజన్ పెట్టి వ్యాగన్లని లాగేవాళ్లు. స్టేషన్లని కూడా కాలువ రేవుల్లాగా వార్ఫ్ అనే పిలిచేవాళ్లు. ఈ ముక్క తెలిసి తొక్కితే దారి మొత్తం వేరుగా కనిపిస్తుంది. ఎక్కడ చదును, ఎక్కడ గుండె గుభేలుమనే వాలు వస్తుందో ముందే అర్థమవుతుంది.

పార్స్లీ హే నుంచి ఆగ్నేయంగా పోతే ముందు పెద్ద రోడ్డు కింద చిన్న సొరంగం. పైన బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తుంది, అవి మనల్ని ఏమీ చేయలేవు. పదకొండేళ్ల తర్వాత లారీ చప్పుడు విని నేను భుజాలు బిగించకుండా ఉన్నది ఆ సొరంగంలోనే. ఆ తర్వాత ఇటుకల ఫ్యాక్టరీ, ఆపైన అంతా బట్టబయలు. చెట్టు నీడ ఉండదు. రాతిగోడలు కట్టిన గడ్డిబీళ్లు, గొర్రెలు, ఆకాశం. గోథమ్ దగ్గర ఒక మలుపు ఉంది, దాని వ్యాసార్థం 50 మీటర్లే. రైలు మార్గానికి ఇది నమ్మలేనంత ఇరుకైన మలుపు. పెద్ద పట్టాల మీద రైలు అక్కడ ఎలా తిరిగిందా అని తమ్ముడు సైకిల్ ఆపి, మలుపు పొడుగునా అడుగులు వేసుకుంటూ నడిచి చూశాడు.

మినింగ్లో అనే కొండ దగ్గరికి వచ్చేసరికి వాన మొదలైంది. ఇక్కడ దారి రాళ్లు పేర్చి కట్టిన ఎత్తైన కట్ట మీద నుంచి పోతుంది. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పెట్టి కట్టినది, దాదాపు రెండు వందల ఏళ్లుగా నిలబడి ఉంది. కట్ట మీద గాలికి అడ్డం ఏదీ లేదు. అడ్డగాలి కొడితే వెనక సంచులు తెరచాపలా పనిచేస్తాయి, సైకిల్ పక్కకి పోతుంది. అటువంటప్పుడు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకుండా కాస్త వదులుగానే పట్టుకుని, దారి మధ్యలోనే పొండి.

వాన కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది నేల. ఈ ట్రయిల్స్ మీద పరిచింది మెత్తగా కొట్టిన సున్నపురాయి పొడి. ఎండలో ఇది గట్టిగా, తెల్లగా, చక్కగా ఉంటుంది. తడిస్తే మాత్రం పాయసంలా మారుతుంది. ఆ తెల్లటి బురద టైరు ఎత్తిపోసి మడ్‌గార్డు లోపల, చెయిన్ మీద, బ్రేకుల మీద అంటుకుంటుంది. గంటలో నా చెయిన్ గరగరమనడం మొదలుపెట్టింది. తమ్ముడి సన్న టైర్లు రెండుసార్లు పక్కకి జారాయి. ఒకసారి కాలు ఆన్చి నిలదొక్కుకున్నాడు, రెండోసారి గడ్డిలో పడ్డాడు. వాడికి దెబ్బ తగల్లేదు కానీ నాకు ప్రాణం పోయినంత పనయింది. ఈ దారులకి 35 మిల్లీమీటర్ల కంటే సన్న టైరు వద్దని నా మాటగా రాసుకోండి.

ఆ సాయంత్రం బస దగ్గర చూస్తే బురద ఎండి సిమెంటులా బిగుసుకుంది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు దూరే సందు లేదు. వేలితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. తమ్ముడు పాత బనీను గుడ్డ తడిపి, చెయిన్‌ని దాంట్లో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ, లింకు లింకూ తుడిచాడు. అరగంట పట్టింది. గుడ్డ మీద మిగిలింది నల్లటి నూనె, తెల్లటి సున్నం కలిసిన బూడిద ముద్ద. ఆ ముద్దని వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడింది. "ఇదే చెయిన్‌లో ఉండిపోతే రేపటికి పళ్లు అరిగిపోతాయి అక్కా" అన్నాడు. తుడిచాక ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క నూనె వేసి, పైన కారింది తుడిచేశాం. ఒక పాత గుడ్డ, చిన్న నూనె సీసా, రెండూ సంచిలో లేకుండా ఈ దారులకి రావద్దు. వాన పడినా పడకపోయినా.

మళ్లీ దారిలోకి వస్తే, లాంగ్‌క్లిఫ్ దాటాక హాప్టన్ వాలు. 14 అడుగులకి ఒక అడుగు ఎత్తు. తాడు సాయం లేకుండా మామూలు ఇంజన్లు ఎక్కిన వాలుల్లో బ్రిటన్ మొత్తానికి ఇదే నిటారైనది. వెళ్లేటప్పుడు మనకి దిగుడే, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కాలి. అన్నిటికంటే చిన్న గేరులో, ఆగకుండా ఎక్కాను. మోకాలు ఏమీ అనలేదు. ఎక్కి పైన నిలబడ్డప్పుడు కలిగిన సంతోషం ఎంతో కాలానికి దక్కింది.

మిడిల్టన్ టాప్ దగ్గర 1829 నాటి ఇంజన్ హౌస్ ఇంకా ఉంది. లోపల బటర్లీ కంపెనీ చేసిన బీమ్ ఇంజన్, అంటే పాత రకం ఆవిరి ఇంజన్. కింద నుంచి వ్యాగన్లని తాడుతో పైకి లాగే పని ఆ ఇంజన్ 1963 దాకా చేసింది. అక్కణ్ణుంచి వాలు ఎనిమిదికి ఒకటి. పైనుంచి కిందికి చూస్తే దారి అంచు తెగిపోయినట్టు ఉంటుంది. తమ్ముడు తొక్కుకుంటూ దిగుతానన్నాడు. వద్దంటే వద్దని పట్టుబట్టాను. తడి బ్రేకులు, కంకర నేల, కింద నడిచేవాళ్లు. వేగం అందుకున్నాక ఆపడం మన చేతిలో ఉండదు. ఇద్దరం దిగి, సైకిళ్లని పట్టుకుని నడిచాం. ఖాళీ సైకిల్‌ని నడిపిస్తూ దిగడానికే వేళ్లు నొప్పెట్టాయి, అది కూడా సంచులు బసలో వదిలి వచ్చాం కాబట్టి సరిపోయింది. సామానుతో టూర్ చేసేవాళ్లు మిడిల్టన్ టాప్ దగ్గరే ఆగి వెనక్కి తిరగడం మేలు. కింద క్రామ్‌ఫర్డ్ నుంచి మొదలుపెడదాం అనుకునేవాళ్లకి మాత్రం నా సలహా: వద్దు. అక్కడ ఇలాంటి వాలులు రెండున్నాయి, షీప్ పాశ్చర్, మిడిల్టన్. మొదటి గంటలోనే రోజంతటి సత్తువ అయిపోతుంది.

ఈ దారిలో గుర్రాలు ఎక్కువ కనిపిస్తాయి. పెనైన్ బ్రైడిల్‌వే అనే గుర్రపు దారి మిడిల్టన్ టాప్ దగ్గర మొదలై ఈ ట్రయిల్ మీదుగానే పోతుంది. గుర్రం వెనక బెల్లు కొట్టకండి. చాలా గుర్రాలు ఆ లోహపు చప్పుడుకి బెదురుతాయి. దూరం నుంచే మనిషి గొంతుతో పలకరించి, వాళ్లు చెయ్యి ఊపాక, వీలైనంత దూరంగా, నెమ్మదిగా దాటండి. మేం ప్రతిసారీ పూర్తిగా ఆగి దారిచ్చాం. అందరూ నవ్వుతూ మాట్లాడారు.

మూడో రోజు మానిఫోల్డ్ దారి. దీని గురించి క్లుప్తంగా చెప్తాను. హ్యూమ్ ఎండ్ నుంచి వాటర్‌హౌసెస్ దాకా 8 మైళ్ల పైచిలుకు. 1904 నుంచి 1934 దాకా ఇక్కడ చిన్న పట్టాల రైలు నడిచింది, 1937లోనే దీన్ని బాటగా తెరిచారు. తారు వేసిన దారి, కాబట్టి ముందు రోజు బురద తర్వాత కాళ్లకి పండగలా అనిపించింది. లోయలో నది పక్కనే పోతుంది. వాన తక్కువైనప్పుడు ఆ నది వెటన్ మిల్ దిగువన భూమిలోకి ఇంకిపోయి, ఎండిన రాళ్లు మాత్రం మిగులుతాయి. ఇంకిన నీళ్లు ఎన్నో మైళ్ల అవతల ఐలమ్ దగ్గర పైకి వస్తాయి. థార్స్ కేవ్ అనే గుహ నోరు కొండ పైనుంచి మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది.

కానీ ఈ దారిని ట్రాఫిక్ లేని దారి అని రాసేవాళ్ల మీద నాకు కోపంగా ఉంది. స్వెయిన్‌స్లీ సొరంగం నుంచి వెటన్ మిల్ దాకా సుమారు రెండున్నర కిలోమీటర్లు కార్లు కూడా ఇదే దారి మీద వస్తాయి. సొరంగంలో కూడా. అది ఒక్క బండి పట్టే వెడల్పు. మేం లోపల సగంలో ఉండగా ఎదురుగా హెడ్‌లైట్లు వెలిగాయి. ఆ డ్రైవర్ మంచివాడు, మమ్మల్ని చూసి ఆగి, మేం దాటేదాకా కదల్లేదు. అయినా నా గుండె చాలాసేపు కొట్టుకుంటూనే ఉంది. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు సంతోషంగా వస్తారు, ఈ సంగతి ముందే తెలియాలి. ముందూ వెనకా లైట్లు తప్పకుండా వేసుకోండి, లేదా వెటన్ మిల్ నుంచి వాటర్‌హౌసెస్ వైపు ముక్క మాత్రం తొక్కండి. అందం కూడా అటే ఎక్కువ.

నాలుగో రోజు పొద్దున్న మాన్సల్ ట్రయిల్ కోసం బేక్‌వెల్‌కి బయల్దేరాం. పార్స్లీ హే నుంచి మోనియాష్ మీదుగా రోడ్డే గతి. నాలుగు రోజుల్లో నాకు నిజంగా చెమటలు పట్టింది అక్కడే. రెండు వైపులా రాతిగోడలు, పక్కకి తప్పుకునే చోటు లేదు. ఒక కారు నా మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోయింది. సైకిల్ దిగి, పొలం గేటు దగ్గర నిలబడి నీళ్లు తాగాను. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడ్డాడు. కాసేపటికి, "ఇక నుంచి నేను వెనక వస్తా, నువ్వు ముందు పో అక్కా" అన్నాడు. అలాగే వెళ్లాం.

ఈ ప్రాంతపు ట్రయిల్స్ మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. ఒక్కో దారీ బంగారం. ఒకదాని నుంచి ఇంకోదానికి మాత్రం లింకు లేదు. అన్నిటినీ కలిపి వైట్ పీక్ లూప్ అనే చుట్టుదారి చేయాలన్న ఆలోచన ఉంది, కానీ మేం వెళ్లేసరికి మధ్యలో ముక్కలు మిగిలే ఉన్నాయి. టూర్ ప్లాన్ చేసుకునేటప్పుడు అందరూ ట్రయిల్ పొడవు చూస్తారు. ఆ ట్రయిల్స్ మధ్య ఉన్న పదీ పన్నెండు కిలోమీటర్ల రోడ్డుని ముందు చూడండి, ఆ తర్వాతే తక్కినవన్నీ. ఆ రోడ్డు ముక్కని పొద్దున్నే, బండ్లు మొదలవకముందే దాటెయ్యండి. మేం తొమ్మిదిన్నరకి బయల్దేరాం, అది మా తప్పు.

బేక్‌వెల్‌లో కూడా ఊరు కింద, పాత స్టేషన్ పైన. ఎక్కాక మాత్రం పడ్డ కష్టమంతా మర్చిపోయాను. మాన్సల్ ట్రయిల్ ఎనిమిదిన్నర మైళ్లు, అంటే 14 కిలోమీటర్లకి కాస్త తక్కువ. ఈ లోయలో లైను 1863లో మొదలైంది, మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్లే రైళ్లు 1968 దాకా దీని మీద నడిచాయి. 1981లో ట్రయిల్ తెరిచినా సొరంగాలు మూసే ఉంచారు, నడిచేవాళ్లు కొండ పక్కన నిటారు కాలిబాటలు ఎక్కి దిగి పోవాల్సి వచ్చేది. నాలుగు పెద్ద సొరంగాలని 2011లో తెరిచాకే సైకిల్‌కి ఇది పూర్తి దారి అయింది.

హెడ్‌స్టోన్ సొరంగం దాదాపు 490 మీటర్లు. లోపలికి పోగానే చలి, తడి రాతి వాసన. పైన దీపాలు ఉన్నా, ఎండలోంచి వచ్చిన కళ్లకి మొదటి క్షణాలు ఏమీ కనబడదు. అక్కడ వేగం తగ్గించి, నల్ల కళ్లజోడు తీసెయ్యండి. గోడల మీద ఇంజన్ల పొగ మసి ఇంకా ఉంది. నీటి చుక్క ఒకటి మెడ మీద పడి వీపు మీదికి జారింది. ముందు పోతున్న పాప ఒకతె "ఊ" అని అరిచింది, ఆ చప్పుడు మమ్మల్ని దాటుకుని వెనక్కి పోయి మళ్లీ తిరిగొచ్చింది. సొరంగం చివర వెలుతురు నాణెమంత ఉండి, పళ్లెమంతయి, ఉన్నట్టుండి కళ్ల ముందు లోయ మొత్తం తెరుచుకుంటుంది. మనం అప్పటికే హెడ్‌స్టోన్ వంతెన మీద ఉంటాం. అయిదు కమానుల వంతెన, కింద వై నది. ఈ రైలు మార్గం లోయని నాశనం చేసిందని రచయిత జాన్ రస్కిన్ అప్పట్లో మండిపడ్డాడు. ఇప్పుడు జనం ఆ వంతెనని చూడటానికే వస్తున్నారు. నేను రైలింగ్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

తర్వాత క్రెస్‌బ్రుక్, లిటన్ సొరంగాలు. ఆ రెంటి మధ్య కాసేపు వెలుగులోకి వస్తాం, కింద నది వంపు, పాత నూలు మిల్లు కనిపిస్తాయి. మిల్లర్స్ డేల్ దగ్గర పక్కపక్కనే రెండు పెద్ద వంతెనలు, పాత సున్నపు బట్టీలు. అక్కణ్ణుంచి చీ టార్ వైపు జనం పలచబడతారు.

జనం అంటే గుర్తొచ్చింది. మేం వెళ్లింది ఆదివారం. బేక్‌వెల్ నుంచి మాన్సల్ దాకా జాతరే. పిల్లల సైకిళ్లు, వీల్‌చెయిర్లు, తాడు పొడుగ్గా వదిలిన కుక్కలు. వాళ్లందరూ అక్కడ ఉండటం నాకు సంతోషమే, రోడ్డు మీద చోటు దొరకని వాళ్లకే ఇలాంటి దారి ఎక్కువ అవసరం. కానీ గంటకి ఇరవై కిలోమీటర్లు పోదామనుకుంటే కుదరదు. కొందరు సైకిల్ వాళ్లు బెల్లు కొట్టకుండా, పిల్లల పక్కనుంచి రివ్వున పోవడం చూశాను. లారీ వాడు నన్ను ఏం చేశాడో వీళ్లు ఆ పిల్లల్ని అదే చేస్తున్నారు. వేగం కావాలంటే మామూలు రోజు పొద్దున్నే రండి.

బ్లాక్‌వెల్ మిల్ దగ్గర ట్రయిల్ అయిపోతుంది. నది ఒడ్డున వరసగా చిన్న ఇళ్లు, ఆపైన బాట నది వెంబడి బక్స్‌టన్ రోడ్డు వైపు పోతుంది. "ఇంకాస్త పోతే పెద్ద రోడ్డు అక్కా, చూసొద్దామా?" అన్నాడు తమ్ముడు. దూరంగా లారీ ఒకటి ఎత్తు ఎక్కలేక గేరు మార్చిన చప్పుడు వినిపించింది. వద్దన్నాను. అప్పటికి అయిదు దాటింది. సొరంగాల్లో దీపాలు చీకటి పడితే ఆరిపోతాయి, సంచుల్లో లైట్లున్నా వాటి మీద ఆధారపడటం నాకిష్టం లేదు. సైకిల్ వెనక్కి తిప్పాం. వచ్చేటప్పుడు తెలియకుండా ఎక్కిన ఎత్తంతా ఇప్పుడు మాకు తిరిగొచ్చింది. పెడల్ పెద్దగా తొక్కకుండానే మిల్లర్స్ డేల్ చేరాం.